ధర పెరగడం ఆగాక అద్దె ఎంత మోస్తుంది?

గోదావరి డెల్టా పట్టణాల్లో ఇళ్ల ధరలు పడటం అంకెల్లో కనిపించదు. దేశంలో ఇళ్ల ధరలను గమనించే నేషనల్ హౌసింగ్ బ్యాంక్ సూచీ 50 నగరాలను చూస్తుంది. మన రాష్ట్రం నుంచి విశాఖ, విజయవాడ అందులో ఉన్నాయి. భీమవరంలోనో, అమలాపురంలోనో రేటు ఎంత తగ్గిందో తెలుసుకోవాలంటే మాత్రం బ్రోకర్ల మాట వినాలి, బేరాల తీరు చూడాలి.

ఆ తీరుకి ఒక వరస ఉంటుంది. ముందు బేరాలు ఆగుతాయి. యజమాని చెప్పే రేటు మాత్రం మారదు. ఏడాది కిందట గజం 30 వేలు చెప్పినాయన ఇప్పుడూ 30 వేలే చెప్తారు, కొనేవాళ్లు రారు. ఆ తర్వాత బిల్డర్లు మెత్తబడతారు. రిజిస్ట్రేషన్ ఖర్చు మేమే పెట్టుకుంటాం అంటారు, కారు పార్కింగ్ ఊరికే ఇస్తాం అంటారు, కప్‌బోర్డులు చేయించి ఇస్తాం అంటారు. రేటు తగ్గించామని ఒప్పుకోకుండా తగ్గించే పద్ధతి ఇది. చివరికి ఎవరో ఒకరు, పెళ్లి ఖర్చుకో అప్పు తీర్చడానికో ఆగలేక, వచ్చిన కాడికి అమ్మేస్తారు. ఆ వీధిలో అసలు రేటు ఎంతో ఆ ఒక్క అమ్మకంతో అందరికీ తెలిసిపోతుంది.

సరిగ్గా ఈ దశలోనే కొందరికి ఆశ పుడుతుంది. రేటు దిగింది కాబట్టి ఇప్పుడో ఫ్లాట్ కొని అద్దెకిచ్చుకుంటే నెలనెలా ఆదాయం వస్తుంది, మళ్లీ రేటు లేచాక అమ్ముకోవచ్చు అనుకుంటారు. రిటైరైన మాస్టార్లు, చెరువుల మీద రెండు మంచి పంటలు చూసిన ఆక్వా రైతులు, కొడుకు అమెరికా నుంచి పంపిన డబ్బు బ్యాంకులో ఉంచుకున్న తల్లిదండ్రులు ఎక్కువగా ఇలా ఆలోచిస్తారు. వీళ్లలో చాలామందికి ఇదే జీవితంలో చేసే ఆఖరి పెద్ద పెట్టుబడి. అందుకే లెక్క జాగ్రత్తగా వేయాలి. బ్యాంకు అప్పుతో కొనే కొత్త ఫ్లాట్ విషయంలో ఆ లెక్క కుదరదు. కుదిరే సందర్భాలు కొన్ని ఉన్నాయి గానీ, అవి ప్రకటనల్లో కనిపించేవి కావు.

డెల్టా మనుషులు అద్దె ఆదాయాన్ని చూసే తీరు వెనక భూమి అలవాటు ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యి కాలవలు పారినప్పటి నుంచి ఇక్కడ పొలం ఉన్న కుటుంబం దాని మీద వచ్చే రాబడి శాతం ఎప్పుడూ లెక్కేసుకోలేదు. ఎకరం 50 లక్షలు పలికే చోట రెండు పంటలకీ కలిపి 30 బస్తాలు కౌలు వస్తుందనుకుందాం. 2025-26లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకి 2,369 రూపాయలు. 75 కిలోల బస్తా 1,777 రూపాయలవుతుంది. 30 బస్తాలకి 53 వేలు చిల్లర. అంటే 50 లక్షల ఆస్తి మీద ఏడాదికి ఒక శాతం. అయినా ఎవరూ బాధపడరు. పొలం ఎక్కడికీ పోదు, పాతబడదు, దాని ఆదాయానికి పన్ను లేదు, అవసరమైతే పెళ్లికో చదువుకో ఒక అరెకరం అమ్ముకోవచ్చు. ఒక శాతంతో తృప్తిపడ్డవాళ్లకి ఫ్లాట్ మీద మూడు శాతం అద్దె అంటే బాగానే కనిపిస్తుంది.

తేడా అక్కడే ఉంది. ఫ్లాట్ అంటే కొంచెం భూమి, చాలా కట్టడం. పది ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో ఒక్కో ఫ్లాట్‌కి అవిభాజ్య వాటాగా వచ్చే స్థలం నలభై, యాభై గజాలు దాటడం అరుదు. మిగతా డబ్బంతా స్లాబు, గోడలు, టైల్స్, లిఫ్టు. వాటికి వయసు పెరుగుతుంది, విలువ తరుగుతుంది. స్థలం రేటు వేగంగా పెరిగే కాలంలో ఈ తరుగు కనిపించదు. ఆ పెరుగుదల ఆగిన రోజున బయటపడుతుంది.

కాగితం మీద వేస్తే

రాజమహేంద్రవరంలో 45 లక్షలకి రెండు పడక గదుల ఫ్లాట్ కొన్నారనుకుందాం. నెలకి 12 వేలు అద్దె. ఇవి ఉదాహరణకి తీసుకున్న అంకెలు. ఎవరి ఊరికి, ఎవరి వీధికి తగ్గట్టు వాళ్లు మార్చి వేసుకోవచ్చు. స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, మొత్తం 7.5 శాతం. 3 లక్షల 37 వేల 500 అక్కడే అయిపోతుంది. బిల్డర్ దగ్గర కట్టడం పూర్తి కాకముందే కొంటే దీనికి తోడు ఫ్లాట్ ధర మీద 5 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. 45 లక్షల లోపు, 90 చదరపు మీటర్ల లోపు కార్పెట్ ఏరియా (గోడల మధ్య వాడుకునే చోటు) ఉంటే 1 శాతమే. అన్ని అనుమతులతో పూర్తయిన ఫ్లాట్‌కి జీఎస్టీ లేదు. అది వదిలేసినా పెట్టుబడి 48 లక్షల 37 వేలు.

అద్దె ఏడాదికి 1,44,000. ఒకరు ఖాళీ చేసి మరొకరు దిగేలోపు నెల గడుస్తుంది కాబట్టి 1,32,000 చేతికొస్తుందనుకోవాలి. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ యజమానే కట్టే ఒప్పందమైతే నెలకి 1,500 చొప్పున 18,000 పోతుంది. ఇంటిపన్ను ఒక 5,000. మోటారు, గీజరు, కొళాయిలు, మూడేళ్లకోసారి వేసే రంగులు, ఎప్పుడో ఒకసారి టెర్రస్ లీకేజీకి అందరూ కలిసి పెట్టే ఖర్చు అన్నీ సగటున 15,000. మిగిలేది 94 వేలు. పెట్టుబడి మీద రెండు శాతం కూడా రాలేదు, 1.94.

ఇదే సొమ్ము బ్యాంకులో ఆరున్నర శాతానికి డిపాజిట్ చేస్తే ఏడాదికి 3 లక్షల 14 వేలు వస్తుంది. అరవై దాటినవాళ్లకి పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పొదుపు పథకం ఉంది. దాని వడ్డీని 2023 ఏప్రిల్‌లో 8.2 శాతానికి పెంచారు, ఒక్కొక్కరు 30 లక్షల వరకు వేసుకోవచ్చు. 30 లక్షలకి మూడు నెలలకోసారి 61,500 ఖాతాలో పడుతుంది. అద్దెకున్నవాళ్ల కోసం ఎదురుచూడక్కర్లేదు, ప్లంబర్‌ని పిలవక్కర్లేదు. డిపాజిట్ వడ్డీ మీద పన్ను పూర్తిగా పడుతుందని, అద్దెలో 30 శాతం మినహాయింపు ఉంటుందని కొందరు అంటారు. నిజమే. ఆ మినహాయింపు ఎంత కలిపినా రెండు శాతానికీ ఆరున్నరకీ మధ్య దూరం తీరదు.

రిటైరైనవాళ్లు ఈ పోలిక తప్పక చేసుకోవాలి. ధర ఏటా ఎనిమిది, పది శాతం పెరిగే రోజుల్లో అద్దె రెండు శాతమే అయినా మొత్తం మీద లాభమే వచ్చేది. నిజానికి అప్పుడు కూడా సంపాదించి పెట్టింది ధరే. అద్దె పైఖర్చులకి సరిపోయేది. ధర నిలిచిపోతే మోయాల్సిన బరువంతా ఆ 94 వేల మీద పడుతుంది.

రేటు పది శాతం దిగిందని సంబరపడే ముందు ఇంకో లెక్క కూడా వేసి చూడాలి. ఖర్చులు పోను కనీసం మూడు శాతం రావాలని, మిగతాది కాలమే చూసుకుంటుందని అనుకున్నా, 94 వేల ఆదాయానికి పెట్టదగిన సొమ్ము రిజిస్ట్రేషన్‌తో కలిపి 31 లక్షల 33 వేలు. ఫ్లాట్ ధర 29 లక్షల దగ్గర ఉండాలి. 45 లక్షల ఫ్లాట్ 40 లక్షలకి వచ్చిందంటే చవక అయిపోలేదు. ఖరీదు కొంచెం తగ్గింది, అంతే.

అప్పు చేసి కొంటే

ఇప్పుడు అదే ఫ్లాట్‌కి 30 లక్షలు లోన్ తీసుకుందాం. రిజర్వ్ బ్యాంక్ 2025లో రెపో రేటును, అంటే బ్యాంకులకి తాను అప్పిచ్చే వడ్డీని, 6.5 నుంచి 5.25 శాతానికి తగ్గించుకుంటూ వచ్చింది కాబట్టి గృహ రుణాలు అంతకుముందుకన్నా చవకే. 8 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ 25,093. ఖర్చులు పోను అద్దె నెలకి 7,833. మిగిలిన 17 వేల పైచిలుకు ప్రతి నెలా జేబులోంచి తీయాలి. మొదటి ఏడాది వడ్డీ కిందే 2 లక్షల 37 వేలు వెళ్లిపోతాయి. అద్దెతో ఈఎంఐ కట్టుకుపోతుంది అనే మాట సేల్స్ ఆఫీసుల్లో బాగా వినిపిస్తుంది. ఈ అంకెల దగ్గర అద్దె వడ్డీలో సగం కూడా తీర్చదు.

పన్ను ఆదా అవుతుందన్న పాత ధీమా కూడా ఇప్పుడు లేదు. పై ఉదాహరణలో ఇంటిపన్ను, 30 శాతం మినహాయింపు, వడ్డీ తీసేస్తే పన్ను లెక్కలో 1 లక్షా 48 వేల నష్టం తేలుతుంది. పాత పన్ను విధానంలో ఏడాదికి 2 లక్షల దాకా ఇలాంటి నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవచ్చు. కొత్త విధానంలో ఆ వీలు లేదు. జీతగాళ్లలో ఎక్కువమంది కొత్త విధానంలోకి మారిపోతున్న రోజుల్లో, ఎప్పుడో స్నేహితుడు చెప్పిన పన్ను ఆదా సలహా మీద ఆధారపడి లోన్ తీసుకోవడం ప్రమాదం.

ధర పడితే అప్పు చేసినవాళ్లకి దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది. సొంత డబ్బు 15 లక్షలు, రిజిస్ట్రేషన్ 3.37 లక్షలు కలిపి చేతిలోంచి పెట్టింది 18 లక్షల 37 వేలు. ధర పది శాతం పడి 40.5 లక్షలకి అమ్మాల్సి వస్తే పోయింది 4.5 లక్షలు, దానికి తోడు తిరిగిరాని రిజిస్ట్రేషన్ ఖర్చు. అంతా 7 లక్షల 87 వేలు. పెట్టిన సొంత డబ్బులో 43 శాతం. ఫ్లాట్ ధర పదే పడింది, మనిషి మాత్రం నలభై మూడు నష్టపోయాడు. బ్రోకర్ కమీషన్ ఇంకా ఇందులో చేర్చలేదు.

అద్దె కోసం అప్పుచేసి ఇల్లు కొనే పద్ధతి బ్రిటన్ నుంచి బాగా ప్రచారంలోకి వచ్చింది. అక్కడ 1996లో బ్యాంకులు దీనికోసమే ప్రత్యేక రుణాలు మొదలుపెట్టాయి. లండన్‌లోనో లీడ్స్‌లోనో ఉన్న మన పిల్లలు ఆ అనుభవంతోనే ఇంటికి ఫోన్ చేసి కొనమంటారు. ఆ పద్ధతి నిలబడాలంటే అద్దె శాతం అప్పు వడ్డీకి దగ్గరగానైనా ఉండాలి. 8 శాతం వడ్డీకి తెచ్చి 2 శాతం వచ్చే చోట పెడితే ఆ పద్ధతి తిరగబడుతుంది. పైగా బ్రిటన్‌లో కూడా 2016 నుంచి రెండో ఇంటి మీద అదనపు స్టాంపు డ్యూటీ, 2017 నుంచి 2020 వరకు విడతలుగా వడ్డీ మినహాయింపు కోత వచ్చాక చాలామంది చిన్న యజమానులు అమ్ముకుని బయటపడ్డారు.

ఇల్లు ఉంది, దిగేవాళ్లెవరు?

డెల్టాలో ఇళ్లకి కొరత లేదు. కోనసీమ ఊళ్లలో నడిస్తే పెద్ద పెద్ద డాబాలకి తాళాలు వేలాడుతుంటాయి. పిల్లలు హైదరాబాద్‌లో, గల్ఫ్‌లో, అమెరికాలో. కింద పెద్దవాళ్లిద్దరూ ఉంటే మేడంతా ఖాళీ. సొంతూళ్లో ఉండేవాళ్లకి సొంతిల్లు ఉంటుంది. అద్దెకి దిగేది బయటి నుంచి పని మీద వచ్చినవాళ్లు. వాళ్లు ఏ పని మీద, ఎన్నాళ్లకి వస్తారన్నది తేలకుండా ఇల్లు చూడటం మొదలుపెట్టకూడదు.

కాకినాడకి పోర్టు, ఎరువుల ఫ్యాక్టరీ, జేఎన్‌టీయూ, రంగరాయ వైద్య కళాశాల, పెద్దాసుపత్రి ఉన్నాయి. ఒక రంగం మందగించినా ఇంకొకటి నిలబెడుతుంది. డెల్టాలో అద్దె గిరాకీ కాస్త స్థిరంగా ఉండే ఊరు ఏదంటే ముందు ఇదే చెప్పాలి. రాజమహేంద్రవరంలో ఓఎన్‌జీసీ పనుల మీద వచ్చే సిబ్బంది, బ్యాంకు ఉద్యోగులు, ఆసుపత్రుల చుట్టూ డాక్టర్లు, నర్సులు, పిల్లల కోచింగ్ కోసం ఏజెన్సీ నుంచి, చుట్టుపక్కల మండలాల నుంచి వచ్చే కుటుంబాలు ఉంటారు. రాజమహేంద్రవరం, ఏలూరుల్లో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాక ఆసుపత్రి పరిసరాల్లో చిన్న ఇళ్లకి, గదులకి గిరాకీ పెరిగే కారణం ఒకటి తోడైంది.

భీమవరం సంగతి వేరు. అక్కడి ధరలకీ రొయ్యకీ ముడి ఉంది. వనామీ రకం రొయ్య వచ్చాక చెరువుల్లో మిగిలిన డబ్బే పట్టణంలో స్థలాలుగా, అపార్ట్‌మెంట్లుగా మారింది. కాబట్టి రొయ్య ధర పడినప్పుడు కొనేవాళ్లూ తగ్గుతారు, డబ్బు అవసరమై అమ్మేవాళ్లూ పెరుగుతారు, రెండూ ఒకేసారి. 2025 ఆగస్టులో అమెరికా మన ఎగుమతుల మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్లినప్పుడు ఈ జిల్లా ఎందుకంత కంగారు పడిందో తెలియనిది కాదు. చెరువులున్న కుటుంబం మిగులు డబ్బుతో భీమవరంలోనే ఫ్లాట్ కొంటే రెండు ఆస్తులూ ఒకే గాలికి ఊగుతాయి. చెరువు దెబ్బతిన్న ఏడాదే ఫ్లాట్ అమ్మాల్సి వస్తుంది, ఆ ఏడాదే దానికి రేటు ఉండదు. ఆక్వా రైతు అద్దె ఇల్లు కొనాలనే అనుకుంటే కాకినాడో, ఏలూరో, ఇంకా దూరమో చూసుకోవడం మేలు.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడి అమలాపురం, భీమవరం జిల్లా కేంద్రాలయ్యాయి. ఆఫీసులు, బదిలీ ఉద్యోగులు వచ్చారు, అద్దెలకి ఊపొచ్చింది. కానీ అది ఒక్కసారి వచ్చే ఊపు. ప్రభుత్వం సొంత భవనాలు కట్టుకున్నప్పుడు అద్దె ఆఫీసులు ఖాళీ అవుతాయి. తాడేపల్లిగూడెంలో ఎన్‌ఐటీ ఉంది కదా అని దాని చుట్టుపక్కల కొన్నవాళ్లు ఒక సంగతి గమనించాలి: క్యాంపస్‌లోనే హాస్టళ్లున్న విద్యాసంస్థ విద్యార్థులు బయట ఇళ్లు వెతుక్కోరు. రోజూ వచ్చిపోయే డిగ్రీ, ఇంజినీరింగ్ కాలేజీల పక్కన గదులకి మాత్రం గిరాకీ ఉంటుంది, అదీ వేసవి రెండు నెలలు తీసేసి.

సంక్రాంతి మూడు రోజులూ భీమవరంలో గది దొరకదని, 2027లో పుష్కరాలు వస్తున్నాయని చూపించి గోదావరి ఒడ్డున ఫ్లాట్లు అమ్మజూపేవాళ్లూ ఉన్నారు. పండగ మూడు రోజులు, పుష్కరాలు పన్నెండేళ్లకి పన్నెండు రోజులు. వాటి మీద ఇరవై ఏళ్ల లోన్ పెట్టలేం. కోటిపల్లి–నరసాపురం రైలుమార్గం కూడా ఇలాగే. 57 కిలోమీటర్ల ఈ లైను 2000-01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడింటి మీదా వంతెనలు కట్టాలి. ఆ రైలు పేరు చెప్పి స్థలాలు అమ్మినవాళ్లు లాభపడ్డారు, కొని ఎదురుచూసినవాళ్లకి ఒక తరం గడిచిపోయింది. రైలు వచ్చాక పెరిగే అద్దె రైలు వచ్చాకే వస్తుంది. దానికి ఈరోజే ధర కట్టడం ఎందుకు?

రిజిస్ట్రేషన్ విలువ దగ్గర పొంచి ఉన్న ఇబ్బంది

పడే మార్కెట్లో కొనేవాళ్లలో చాలామంది చూసుకోని చిక్కు ఇది. ప్రభుత్వం నిర్ణయించే రిజిస్ట్రేషన్ విలువ మార్కెట్ ధరతో పాటు కిందికి దిగదు. 2025 ఫిబ్రవరి 1 నుంచి రాష్ట్రంలో ఈ విలువల్ని సవరించారు. అసలు ధరలు ప్రభుత్వ విలువకి పైన ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. బేరం దానికన్నా కిందికి వెళ్తే మూడు వైపుల నుంచి భారం పడుతుంది.

ప్రభుత్వ విలువ 45 లక్షలున్న ఆస్తిని 38 లక్షలకి కొన్నారనుకుందాం. స్టాంపు డ్యూటీ 45 లక్షల మీదే కట్టాలి. ఆదాయపు పన్ను చట్టం పది శాతం వరకు తేడాని పట్టించుకోదు. 38 లక్షలకి పది శాతం కలిపితే 41.8 లక్షలు. 45 దాన్ని దాటింది కాబట్టి 7 లక్షల తేడా మొత్తం కొన్నవాళ్ల ఆదాయంగా లెక్కించి పన్ను వేస్తారు. అమ్మినవాళ్లకీ 45 లక్షలకి అమ్మినట్టే క్యాపిటల్ గెయిన్స్ (ఆస్తి అమ్మితే వచ్చే లాభం) లెక్క వేస్తారు. అసలు విలువ అంత లేదని భావిస్తే డిపార్ట్‌మెంట్ వాల్యుయేషన్ అధికారికి పంపమని కోరవచ్చు. ఆ దారి ఉన్నా, దానికి కాగితాలు, ఆడిటర్, తిరుగుడు అన్నీ కావాలి. చవగ్గా వచ్చిందని సంబరపడి అడ్వాన్సు ఇచ్చేముందు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఆ డోర్ నంబరుకి, ఆ సర్వే నంబరుకి విలువ ఎంతుందో చూసుకోవాలి. అడ్వాన్సు కూడా 20 వేలు, ఆపైన నగదుగా ఇచ్చిపుచ్చుకోకూడదు. తీసుకున్నవాళ్లకి అంతే మొత్తం జరిమానా పడే వీలుంది.

ఇంటిపన్ను కూడా ఈ విలువకే ముడిపడింది. 2021 నుంచి మునిసిపాలిటీల్లో వార్షిక అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేస్తున్నారు. ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదన్న పరిమితి ఉంది. ఫలితంగా అద్దె పెరగకపోయినా పన్ను పెరుగుతూ పోయే పరిస్థితి ఉంటుంది. పై ఉదాహరణలో 5 వేలని వేసిన అంకెని అలాగే ఉంచుకుని పదేళ్ల లెక్క వేయకూడదు.

విదేశాల్లో ఉన్న పిల్లల పేరు మీద కొంటే ఇంకో సంగతి. ప్రవాస భారతీయులు ఇల్లు, షాపు కొనవచ్చు. పొలం, తోట కొనకూడదు. కొబ్బరి తోట కాస్త ఇంటిస్థలంగా మార్చి రాయిస్తామనే మాట దగ్గర అందుకే ఆగాలి. యజమాని ప్రవాసి అయినప్పుడు అద్దెకున్నవాళ్లు అద్దె ఎంత తక్కువైనా అందులో సుమారు 31 శాతం పన్ను కింద ముందే కోసి (టీడీఎస్) ప్రభుత్వానికి కట్టాలి. ఇది తెలియని కుటుంబాలు చాలా ఉన్నాయి. తెలిశాక ఆ ఇంట్లో దిగడానికి వెనకాడే ఉద్యోగులూ ఉన్నారు.

లెక్క కుదిరే చోట్లు

ఇంత చెప్పాక కూడా అద్దె ఆదాయం అంటే నమ్మకం ఉన్నవాళ్లకి డెల్టాలో ఒక పాత దారి ఉంది: సొంతింటి మీద పోర్షన్ వేయడం. స్థలం కొనక్కర్లేదు, రిజిస్ట్రేషన్ లేదు, బిల్డర్ లాభం లేదు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లేదు. వెయ్యి చదరపు అడుగులు, అడుగుకి 2,000 చొప్పున 20 లక్షలు అవుతుందనుకుందాం. 9 వేలు అద్దె వచ్చే వీధి అయితే ఖాళీ నెల, రిపేర్లు, పన్ను పోను 85 వేలు మిగులుతుంది. నాలుగు శాతం దాటింది. కొత్త ఫ్లాట్‌కి ఇది రెట్టింపు. పైగా పెద్దవాళ్లకి మేడ మీద మనిషి అలికిడి ఉంటుంది. పిల్లలు దూరంగా ఉన్న ఇళ్లలో దానికీ విలువ ఉంది. ధర పడినా ఆందోళన లేదు, ఎందుకంటే ఆ ఇల్లు ఎలాగూ అమ్మేది కాదు. మునిసిపల్ ప్లాన్ తీసుకోవాలి, పునాది ఇంకో అంతస్తు మోస్తుందో లేదో ఇంజినీర్‌కి చూపించాలి. డెల్టా నల్లమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంగుతుంది. ఒక్క అంతస్తుకని వేసిన పాత పునాది మీద ధైర్యం చేయకూడదు.

రెండోది, చేతిలో డబ్బుతో పాత ఫ్లాట్ కొనడం. ఆసుపత్రికో, కలెక్టరేట్‌కో, బస్టాండ్‌కో నడిచివెళ్లే దూరంలో పది, పదిహేనేళ్ల వయసున్న ఫ్లాట్లు కొత్తవాటికన్నా బాగా తక్కువకి వస్తాయి. అద్దెలో మాత్రం అంత తేడా ఉండదు, ఎందుకంటే అద్దెకి దిగేవాళ్లు దూరం చూస్తారు, లాబీలో గ్రానైట్ చూడరు. ధర పడుతున్నప్పుడు ముందుగా దిగేది కూడా ఇలాంటి ఫ్లాట్లే. 28 లక్షలకి కొని 10 వేలు అద్దె తెచ్చుకోగలిగితే అది ఆలోచించదగ్గ బేరం.

అయితే పాత కట్టడాన్ని ఈ నేల మీద వేరే కళ్లతో చూడాలి. కాకినాడ, అమలాపురం, నరసాపురం వైపు ఉప్పుగాలికి స్లాబులో ఇనుము తుప్పుపట్టి పెచ్చులూడుతుంది. బాత్రూం పైకప్పు, బాల్కనీ అంచు, మెట్ల కింద భాగం చూస్తే కట్టడం ఆరోగ్యం తెలిసిపోతుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మునిసిపల్ కుళాయి రోజుకి ఎన్ని గంటలు వస్తుందో కింద వాచ్‌మన్‌ని అడగాలి. నీళ్ల బాధ ఉన్న ఇంట్లో కుటుంబాలు ఏడాది నిలవవు. పల్లంలో మట్టి పోసి కట్టిన కాలనీ అయితే నవంబరు తుఫాను వానల్లో ఒకసారి వెళ్లి చూడాలి. నేల బల్లపరుపుగా ఉండే డెల్టాలో మురుగుకాలవ పూడిపోతే నీళ్లు రోజుల తరబడి కదలవు. ఎండాకాలంలో చూసి కొన్న ఇల్లు వానాకాలంలో వేరే ఇల్లులా కనిపిస్తుంది. షాపుల సంగతి క్లుప్తంగా: మెయిన్‌రోడ్డు మీద కింది షాపు ఇంటికన్నా ఎక్కువ శాతం అద్దె తెస్తుంది, ఖాళీ అయితే ఇంటికన్నా చాలా ఎక్కువ కాలం ఖాళీగా ఉంటుంది. మొదటి అంతస్తు షాపుల జోలికి పోకపోవడమే మంచిది.

ఇప్పటికే కొని కూర్చున్నవాళ్లు అద్దె విషయంలో పట్టు విడవాలి. 12 వేలకి పట్టుబట్టి రెండు నెలలు ఖాళీ ఉంచితే ఏడాదికి వచ్చేది 1,20,000. 11 వేలకి వెంటనే ఇస్తే 1,32,000. మంచి కుటుంబం మూడేళ్లుంటే రంగుల ఖర్చు, బ్రోకర్ ఖర్చు కూడా మిగులుతాయి. ఒప్పందం పదకొండు నెలలకి రాసుకోవడం మామూలే.

లోన్ మీద కొని నెలనెలా 17 వేలు ఎదురు కడుతున్నవాళ్లు మాత్రం కొన్న ధరని పక్కన పెట్టి ఆలోచించాలి. ఈరోజు అమ్మితే చేతికి ఎంత వస్తుంది, ఆ సొమ్ము మళ్లీ ఉంటే ఇదే ఫ్లాట్ కొంటారా అన్నదే ప్రశ్న. కొనం అని జవాబు వస్తే, కొన్న రేటు వచ్చేదాకా ఆగుదాం అని కూర్చున్న ప్రతి ఏడాదీ జేబులోంచి 2 లక్షలు వెళ్తూనే ఉంటాయి. నష్టానికి అమ్మినా అది పూర్తిగా వృథా పోదు. రెండేళ్లు దాటి ఉంచుకున్న ఫ్లాట్ మీద వచ్చిన నష్టాన్ని దీర్ఘకాలిక క్యాపిటల్ గెయిన్స్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు, ఆ ఏడాది లాభమేమీ లేకపోతే ఎనిమిదేళ్ల వరకు ముందుకి తీసుకెళ్లవచ్చు. పట్టణంలో తాతల నాటి ఇంటిస్థలం పంచుకుని అమ్మే ఆలోచన ఉన్న కుటుంబాలకి ఈ నష్టం అక్కడ పన్ను తగ్గిస్తుంది. దానికి షరతు ఒకటే: నష్టం వచ్చిన ఏడాది ఆదాయపు పన్ను రిటర్న్ గడువు లోపల వేసి ఉండాలి.